అద్దానికి వెనక వైపు

నలభై ఆరేళ్లు బ్రష్షు పట్టినవాడికి ఆఖరికి కోపం కాక ఇంకేం మిగులుతుంది? "బీపీ గోలి ఏసుకోవు గని, ఊరి మీద ఎగురుతవ్" అంటుంది మా ఇంటిది శంకరవ్వ. ఎగురుతాను. ఎందుకో వినండి.

నా పేరు లక్ష్మీరాజం. కరీంనగర్‌లో ఒకప్పుడు రాజం ఆర్ట్స్ తెలియని దుకాణం లేదు. సినిమా హాళ్ల ముందు ఇరవై అడుగుల హీరో మొహాలు గీసింది నేను. హుస్నాబాద్ నుంచి ఆసిఫాబాద్ దాకా గోడల మీద ఎరువుల బస్తాలు, పళ్లపొడి, ఎన్నికల గుర్తులు గీసింది నేను. కొండగట్టు పోయే జీపుల అద్దాల మీద అంజన్నను గీసింది నేను. ఒక్కదాని మీదా నా పేరు లేదు. పని ఇచ్చినవాడి పేరు పెద్దక్షరాలతో రాయడమే నా బతుకుతెరువు, మధ్యలో నా పేరెవడిక్కావాలి? తర్వాత వానలు, సున్నాలు, ఫ్లెక్సీలు కలిసి అంతా ఊడ్చిపెట్టాయి.

మిగిలింది ఒక్కటే. బస్టాండు దగ్గర జనార్దన్‌రావు హోటల్లో, గల్లా వెనక, నాలుగడుగుల అద్దం. మంథని దగ్గర గోదావరి రేవు, మెట్లు, పడవ, తడిబట్టలు పిండుతున్న ఆడవాళ్లు. ముప్ఫై ఏళ్ల కింద వేశాను. అద్దం పని కాగితం పనికి తలకిందులు. వెనక వైపు వేయాలి, ముందు నుంచి చూడాలి. కాగితం మీద చివర్న పెట్టే కంటిపాప, ముక్కుపుడక ఇక్కడ మొదట పెట్టాలి. తర్వాత మొహం, చీర, నీళ్లు. అన్నిటికన్నా ఆఖరున ఆకాశం. నేను ఇంకా ఖాళీ అద్దం ముందు కూర్చుని ఉండగా జనార్దన్‌రావు వచ్చి, "రాజం, నీ పేరు రాయి. రేపు ఎవరు చేసిన్రో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. నా జన్మలో ఆ మాట అన్నవాడు ఆయనొక్కడే. అందుకే అన్నిటికన్నా ముందు, ఒక మూలన, అక్షరాలు తిరగేసి నా పేరే రాశాను. రాజం, కరీంనగర్.

ఆయన పోయాడు. మనవడు విక్రాంత్ హోటల్‌ను కేఫ్ చేస్తున్నాడు. మొన్న మంగళవారం ఫోన్ చేసి, "నీ అద్దానికి జర టచప్ చెయ్యాలె, వస్తవా?" అన్నాడు. నా మనవడి ఈడువాడు 'వస్తవా' అంటే ఒళ్లు మండింది. అయినా పోయాను. నా పేరున్న పని అదొక్కటే కదా.

అద్దాన్ని దించి హాలు మధ్యలో రెండు కుర్చీలకు కట్టి నిలబెట్టారు. ఆకాశం లేదు. గోదావరి లేదు. చీరల్లో రంగు లేదు. సన్న గీతలు, కళ్లు, మూలన నా పేరు, అంతే. పక్కన రంగు కరిగించే థిన్నర్ డబ్బా, చేతిలో బ్లేడుతో గోడలకు రంగులేసే హనుమండ్లు నిలబడి ఉన్నాడు.

"ఎనుక అంత పెచ్చులు పెచ్చులుగ ఉండె రాజమన్నా. మురికి అనుకొని గీకిన. అంత గీకినంక ముంగటికి పోయి చూస్తే బొమ్మ లేదు. నాకేం ఎరుక?"

అతన్ని ఏమనగలను? అద్దం పని చేసేవాళ్లే లేని ఊళ్లో ఎవరు చెప్పాలి అతనికి?

విక్రాంత్ ఫోన్ చూసుకుంటూ వచ్చాడు. "గీతలున్నయి గదా, మళ్ల రంగులు నింపు. ఒక్క పూట పని. ఇగ గా మూలకు నీ పేరు తీసేసి మా కేఫ్ పేరు రాయి."

"అది చేసినోని పేరు సారు. మీ తాతనే రాయమన్నడు."

"తాత లేడు గదా ఇప్పుడు. గోడకు సున్నమేసినోడు పేరు రాసుకుంటడా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. మా బాపు సిరిసిల్లలో నేసినన్నాళ్లు ప్రతి చీర మీదా సేటు ముద్రే పడింది. ఆయన నోరెత్తకుండానే పోయాడు. నేనూ అట్లనే పోవాలా?

"గుడ్డ ఇటియ్యి హనుమండ్లూ" అన్నాను.

పని మొదలుపెడుతున్నాననుకుని విక్రాంత్ బయటికి పోయాడు. నేను అద్దం వెనక కూర్చుని, గుడ్డ థిన్నర్‌లో ముంచి పడవను తుడిచాను. మెట్లను తుడిచాను. ఆడవాళ్ల కళ్లు తుడిచేటప్పుడు చెయ్యి ఆగింది. ఆ కళ్లకు నాకు మూడు రోజులు పట్టింది. పళ్లు బిగబట్టి అవీ తుడిచేశాను.

అతను తిరిగొచ్చేసరికి ఖాళీ అద్దం, దాని మీద నా పేరు.

"ఏం జేసినవ్? పిచ్చి లేసిందా నీకు?"

"బొమ్మ నాది సారు, తీసుకున్న. అద్దం మీది, ఉంచుకోండ్రి."

అతను హనుమండ్లు చేతిలో బ్లేడు గుంజుకుని నా పేరు మీద పడ్డాడు. పేరు సక్కగా కనబడేది ముందు నుంచే కదా, ముందు నుంచే గీకుతున్నాడు. కర్రుకర్రుమని అద్దం అరుస్తోంది. పేరు మీద గీత కూడా పడలేదు. హనుమండ్లు చెప్పబోయి నా మొహం చూసి నోరు మూసుకున్నాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎంతసేపు గీకుతాడో గీకనీ.