అద్దంలో నల్లగుడ్డ

మ్యూజియం బొమ్మల పుస్తకాల్లో మనిషి కనపడకూడదు. అది ఆ పుస్తకాల ధర్మం. రాజుగారి మంచం ఉంటుంది, రాణిగారి అలంకరణ బల్ల ఉంటుంది, వాళ్లు తాగిన పింగాణీ గిన్నెలుంటాయి. ఆ గదిలో తుమ్మినవాడు, దగ్గినవాడు, బల్ల తుడిచినవాడు ఒక్కడూ ఉండడు. కానీ గాజుపెట్టెలో గిన్నెను ఫొటో తీస్తే, తీసినవాడు గాజు మీద పడతాడు. ఇత్తడి కూజా పొట్ట మీద పడతాడు. చివరికి తలుపు గుండ్రటి పిడి మీద కూడా వేరుశనగ గింజంత అయినా పడి తీరతాడు. అలా పడినవాణ్ణి తుడిచెయ్యడానికి ఒక మనిషి కావాలి. పాత భవనాల మీదా మ్యూజియంల మీదా బరువైన పుస్తకాలు వేసే ఆ సంస్థలో ఆ మనిషిని అందరూ రబ్బరు వదిన అంటారు. ఫొటోగ్రాఫరు ఆమె మొగుడే.

"పెళ్లైన దగ్గర్నుంచీ నన్ను తుడిచిపారెయ్యడమే దీని పని," అని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. విని విని ఆమె మాత్రం నవ్వడం ఎప్పుడో మానేసింది.

ఇప్పుడు ఆమె ముందున్న తెర మీద ఒక పాత భవనం హాలు ఉంది. కొత్త పుస్తకానికి ముఖచిత్రం అదే. సాయంత్రపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా వచ్చి నిలువుటద్దం బంగారు చట్రం మీద పడింది. అలాంటి వెలుగు దొరకడం అదృష్టం. అన్నీ చక్కగా కుదిరాయి, అద్దంలో ఆయన తప్ప. ఊరికే నిలబడి ఉన్నా పోనీ అనుకునేది. దుప్పటి ఆరేస్తున్నవాడిలా ఒక పెద్ద నల్లగుడ్డ చాపి, ఒక అంచు గడ్డం కింద ఇరికించుకుని, రెండో అంచు ఒక చేత్తో ఎత్తిపట్టి, ఇంకో చేత్తో రిమోటు నొక్కుతున్నాడు.

నల్లగుడ్డ పట్టేది గాజుపెట్టెల ముందు, గాజు మెరవకుండా. నిలువుటద్దం ముందు పడితే అద్దంలో ఆ నల్లగుడ్డే కనిపిస్తుంది. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికైనా తెలిసిన సంగతి. కెమెరా అద్దంలో పడకుండా జాగ్రత్తగా పక్కకి పెట్టిన మనిషి, తనే పోయి అద్దంలో నిలబడటమేమిటి?

ఆఫీసులో అది చూసి ఒకటే నవ్వులట. చిన్న యజమాని మాత్రం నవ్వలేదు, ఫోన్ చేశాడు.

"వదినా, అన్నయ్యకి చూపు గానీ తగ్గిందా?"

"తగ్గినట్టే ఉంది బాబూ," అంది ఆమె ఒళ్లు మండి.

"అద్దం శుభ్రంగా వస్తే సరే. ఈ సాయంత్రానికి రాకపోతే కొత్తబ్బాయిని పంపి మళ్లీ తీయిస్తాను. ముఖచిత్రం ఎవరిదైతే అట్ట మీద పేరు వాళ్లదే. మీకు తెలియందేముంది."

తెలుసు. ఆయనకిది ఆఖరి పుస్తకమనీ తెలుసు. మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదు, ఇక చాలని ఆయనే చెప్పేశాడు. ఇన్నేళ్లూ చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న పేరుని ఈసారి అట్ట మీద వేస్తామన్నారు. ఆ పేరుకీ ఈయనే అడ్డం నిలబడ్డాడు, గుడ్డ పట్టుకుని మరీ.

ముందుగదిలో ఆయన మోకాళ్ల మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని పేపరు చదువుతున్నాడు.

"ఏమండీ, ఉన్నమాట చెప్పండి. ఆ అద్దంలోకి ఎందుకు దూరారు?"

"చూసుకోలేదే," అన్నాడు పేపరు దించకుండా.

"అంత గుడ్డ పట్టుకుని చూసుకోలేదా?"

"వయసు మీద పడింది. ఎండ పోతోందని కంగారుపడ్డాను. తుడిచెయ్యరాదూ, నీకు అలవాటేగా."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా? తొక్కేది మీరు, కడిగేది నేను. నా చేతులు పడిపోతున్నాయి, నా కళ్లు పోతున్నాయి. మీకేం, హాయిగా పేపరు చదువుకోండి."

మామూలుగా అయితే మాటకి రెండు మాటలు వడ్డించే మనిషి. ఇవాళ పేపరు పేజీ తిప్పాడంతే. ముసలితనం నిజంగానే వచ్చేసిందని ఆమెకి దిగులు పుట్టింది. దిగులు పుట్టినందుకు ఇంకా కోపమొచ్చింది. విసురుగా వెళ్లి మళ్లీ తెర ముందు కూలబడింది.

తుడవడమంటే రుద్దితే పోయేది కాదు. మనిషిని తీసేస్తే అక్కడ చిల్లు పడుతుంది. వెనక ఏముందో తెలుసుకుని ఆ చిల్లు పూడ్చాలి. కూజా పొట్ట మీదైతే కాస్త ఇత్తడి రంగు పులిమితే సరిపోతుంది. ఇక్కడ మనిషెత్తు గుడ్డ అయిపోయింది. దాని వెనక ఏముందో ఆమెకి ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. ఆ రోజు తనూ వెళ్లింది, ఆయన కుంటుతూ నడవడం చూడలేక సంచులు మోయడానికి వెళ్లింది. ఆ వారమంతా పింగాణీ పుస్తకం దిద్ది దిద్ది తల ప్రాణం తోకకొచ్చి ఉంది. ఆ హాల్లో ఎక్కడో కాసేపు కూర్చుంది. కన్ను మూసి తెరిచేసరికి పని అయిపోయింది, ఆయన సామాను సర్దుతున్నాడు. అంతవరకే గుర్తుంది.

ఆయన ఆఫీసుకి పంపేవి ఏరిన ఫొటోలే. వెలుగు చూసుకోవడానికి తీసే ఉత్తుత్తి ఫొటోలు కెమెరా కార్డులోనే పడి ఉంటాయి. వాటిలో గోడ దొరుకుతుందేమోనని ఆయన సంచిలోంచి కార్డు తీసి పెట్టింది.

మొదటి ఫొటోలో ఆయన లేడు, గుడ్డా లేదు. అద్దంలో ఆకుపచ్చ గోడ, గోడకి ఆనించి వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీ, అందులో ఎవరో ముసలమ్మ. తల వెనక్కి వాలిపోయి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. చెప్పులు విడిచేసి, ఒక కాలు కెమెరా సంచి మీద పెట్టుకుంది. ఎవరబ్బా ఈవిడ అనుకున్నాక గానీ ఆ చీర తనదని తట్టలేదు.

రెండో ఫొటోలో కెమెరా జరిగింది. ముసలమ్మ సగానికి వచ్చింది. మూడోదాంట్లో కెమెరా బాగా కిందికి దిగింది, అయినా కాళ్లు పోలేదు. ఒక్కో ఫొటోకీ ఎండ చట్రం మీద పైపైకి పాకిపోతోంది, ఇంకాసేపుంటే దాటిపోయేలా ఉంది. కెమెరా మళ్లీ మొదటి చోటికి వచ్చింది. నాలుగోదాంట్లో గుడ్డ వచ్చింది, గడ్డం కింద అంచు ఇరికించుకుని.

"ఏమే, లే" అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట ఆయన అనలేదు. అలాగే తీసి పంపేసినా ఆమే తుడుచుకునేది. కానీ ఫొటోలు ముందు ఆఫీసుకి వెళతాయి. పనికి వచ్చి నోరు తెరుచుకుని నిద్రపోయిన రబ్బరు వదినని పెద్ద తెర మీద పెట్టుకుని అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వులు ఆయన తన మీదకి తెచ్చుకున్నాడు. చూపు తగ్గిందన్న మాటా పడ్డాడు. ఆ మాటకి వంత పాడింది తను. ఆమెకి ఏడుపొచ్చింది. గట్టిగా ఏడ్చే ఓపిక లేక ఊరికే కూర్చుంది.

తర్వాత లేచి ముఖం కడుక్కుని పనిలో పడింది. వెనకున్నది ఏ గోడో ఇప్పుడు తెలిసింది, లోపలి పేజీల కోసం ఆ గోడని ఆయన విడిగా తీశాడు. దాన్ని కుడి ఎడమలు తిప్పి, అద్దంలో సరిపడా వాల్చి, అతికించి, అతుకు కనపడకుండా దిద్దింది. సాయంత్రంలోగా గుడ్డ పోయింది, ఆయన పోయాడు. అద్దంలో ఆకుపచ్చ గోడ ఒక్కటే మిగిలింది. దాన్ని పంపించి చిన్న యజమానికి ఫోన్ చేసింది.

"బాబూ, అన్నయ్య చూపు నిక్షేపంలా ఉంది. నేనే నోరుజారాను. అద్దంలో నేను అడ్డమొస్తే, నన్ను కప్పడానికి ఆయన నిలబడ్డారు."

"మీరెక్కడున్నారు వదినా అద్దంలో?"

"లేను. అదే చెప్తున్నా."

"నాకేం అర్థం కాలేదు. సరే, చూసి మళ్లీ చేస్తాను," అని పెట్టేశాడు.

ముందుగదిలో ఆయన అదే కుర్చీలో అదే పేపరు పట్టుకుని ఉన్నాడు.

"నన్ను తీసేశావా?"

"తీసేశాను."

పేపరు చాటునుంచే "వెనకేముంది?" అన్నాడు.

"గోడ ఉంది. ఒక ముసలమ్మ కూడా ఉంది. దాన్నీ తీసేశాను."

పేపరు దిగింది. "ముసలమ్మేం కాదు," అన్నాడాయన.

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి, ఆయన ఎదురుగా ఉన్న సోఫాలో ఒరిగింది. చెప్పులు విడిచిందో లేదో కూడా తెలియలేదు. రెప్పలు బరువెక్కాక ఎక్కడో ఫోన్ మోగింది. ఆయన మోకాళ్లు పట్టుకుని "అమ్మా" అంటూ లేవడం, గబగబా దాన్ని అందుకోవడం దూరంగా వినిపించింది.

"చెప్పవయ్యా... బాగుందా? సంతోషం... నా పేరా, వెయ్యి మరి, వేస్తానన్నావుగా... ఆవిడతోనా? పడుకుంది."

అవతల ఇంకేదో అన్నట్టున్నాడు. ఆయన గొంతు ఇంకా తగ్గించాడు.

"ఉహూఁ. లేపను."