రేవులో గుంట

ఆమెను నీళ్ళలోంచి బయటికి తీసినప్పుడు పిడికిట్లో తడి దుప్పటి కొస ఇంకా బిగుసుకునే ఉంది. రెండో కొస ఎక్కడో అడుగున చిక్కుకుంది. పడవవాళ్ళు లాగితే రాలేదు. చివరికి దుప్పటి కోసి ఆమెను ఒడ్డుకు చేర్చారు.

ఒడ్డు నిండా జనం. బట్టలుతికే ఆడవాళ్ళు, ఇసుక కూలీలు, టిప్పర్లు ఆపి దిగొచ్చిన డ్రైవర్లు. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ రేవులోనే బట్టలుతికిన మనిషి ఆమె. ఏ రాయి పక్కన ఎంత లోతో ఆమె కాళ్ళకే తెలుసు. మోకాలి లోతు నీళ్ళలో అలాంటి మనిషి ఎలా మునిగింది?

ఇసుక కాంట్రాక్టరు కారు దిగాడు. బూట్లు తడవకుండా ఎడంగా నిలబడి పోలీసు ఇన్‌స్పెక్టరుతో అన్నాడు.

"కాలు జారినట్టుందండీ, పాపం. ఏరు కదా, ఎప్పుడెలా ఉంటుందో ఎవరికి తెలుస్తుంది?"

ఇన్‌స్పెక్టరు జనం వైపు తిరిగాడు. "ఎవరైనా ఏమైనా చెప్పేదుందా?"

జనంలో ఒకడు నోరు తెరిచాడు. కాంట్రాక్టరు చూపు తగలగానే మూసుకున్నాడు. అతను కాంట్రాక్టరు దగ్గర ఇసుక తవ్వే పొక్లెయిన్ నడిపే డ్రైవరు. చనిపోయినామెకు సొంత తమ్ముడు. రేవు మెట్ల కింద నిలువెత్తు మనిషి మునిగేంత గుంట తవ్వింది అతనే. ముందురోజే తవ్వాడు.

ఆ ఏరు ఆ జనానికి ఏమై ఉండేదో చెప్పాలి. పడవవాళ్ళకు అదే రోడ్డు. ఉతికేవాళ్ళకు అదే కార్ఖానా. ఇళ్ళ బావుల్లో ఊరే ప్రతి చుక్కా దానిదే. కాంట్రాక్టరు వచ్చాక అది ఒట్టి ఇసుక గని అయింది. మొదట పై మలుపులో తవ్వారు, నల్లమట్టి తేలేదాకా. తర్వాత వంతెన దగ్గర తవ్వితే స్తంభాల పునాదులు చిగుళ్ళు వదిలేసిన పళ్ళలా బయటపడ్డాయి. ఇసుక పోయిన చోట నీరు ఇంకదు. బావులు ఎండాయి. చేపలు గుడ్లు పెట్టే తావు పోయింది. పడవలు ఒడ్డున బోర్లా పడ్డాయి. పడవలు వదిలేసినవాళ్ళు ఏం చేశారు? తట్టలు పట్టుకుని అదే కాంట్రాక్టరు దగ్గర ఇసుక మోతకు చేరారు. దోపిడీ పద్ధతే అది. ముందు నీ ఏరు లాక్కుంటాడు. ఆపైన ఆ ఏటిని చంపే పనికి నిన్నే పెట్టుకుంటాడు.

మర్నాడు డ్రైవరు బావ ఇంటికి వెళ్ళాడు. బావది ఇస్త్రీ పని. ఇరుకు గది, గోడవారగా ఎవరెవరివో మడతపెట్టిన బట్టలు. పెళ్ళాం పోయినా ఆ బట్టలు ఆగవు. బావ చొక్కా మీద ఇస్త్రీపెట్టె తోస్తున్నాడు. డ్రైవరు గుమ్మంలోనే కూలబడ్డాడు.

బావ తల ఎత్తకుండానే అడిగాడు. "మొన్న తవ్వింది ఎక్కడరా?"

"రేవులో బావా. మెట్ల కిందే."

"తవ్విందెవరు?"

"నేనే."

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

"నిన్న పొద్దున్నే వచ్చి అక్కడే కూర్చున్నావు. మీ అక్క టీ ఇచ్చింది. ఆసుపత్రి దుప్పట్లొచ్చాయిరా, ఇవాళ రేవులో నా నడుం పడిపోతుంది అంది. అందా, లేదా?"

"అంది."

"నువ్వేమన్నావు?"

గుడ్డ మాడుతున్న వాసన వస్తోంది. ఇద్దరిలో ఎవరూ పెట్టె పక్కకి తియ్యలేదు.

"టీలో చక్కెర ఎక్కువైందన్నాను."

ఆపైన మిగతాదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "కూలీలు గుంట చుట్టూ కర్రలు పాతి గుడ్డపీలికలు కట్టారు బావా. వంతెన మీద వెళ్ళే అధికారులకి కనిపిస్తాయి, పీకెయ్యి అన్నాడు కాంట్రాక్టరు. పీకేశాను. ఎవరికైనా చెబితే పని పోతుందన్నాడు. అక్కకి చెబుదామనే వచ్చాను. నోటిదాకా వచ్చింది. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. ఈలోపే అక్క... నన్ను కొట్టు బావా. ఏదో ఒకటి చెయ్యి."

"నిన్ను కొడితే నీకు బరువు తగ్గుతుంది. నాకేం తగ్గుతుంది?" బావ మాడిన చొక్కా తీసి కింద పడేశాడు. "నాకు చెప్పి లాభం లేదు. నేనేం చెయ్యగలను, ఇంకోసారి ఏడుస్తాను. వెళ్ళి అందరిలో చెప్పు."

ఆ సాయంత్రం పడవలు బాగుచేసే షెడ్డులో అందరూ చేరారు. తారు వాసన, ఉక్కపోత. ఉతికేవాళ్ళు ఒక పక్క, ఇసుక కూలీలు ఇంకో పక్క. మధ్యలో నిలబడి డ్రైవరు ఒక్క మాట దాచకుండా చెప్పాడు.

ముందుగా ఉతికే ఆడవాళ్ళు లేచారు. "నిన్న ఇన్‌స్పెక్టరు అడిగితే నోట్లో మన్ను కుక్కుకున్నావా? నువ్వు తమ్ముడివా, యముడివా?"

ఒక కూలీ అరిచాడు. "ఇప్పుడు నోరు విప్పి మా పొట్ట కొడతావా? రేపు పని ఆగిపోతే మా పొయ్యి మీద నువ్వొచ్చి కూర్చుంటావా?"

"మీ పొయ్యే కనబడుతుంది మీకు!" ముసలి పడవవాడు వేలు చూపించాడు. "తవ్వొద్దురా అని మేం అడ్డం పడుకుంటే పారలెత్తింది మీరు కాదూ? కాంట్రాక్టరు చెయ్యి కూడా కదపలేదు. మిమ్మల్ని మా మీదకి ఉసిగొల్పాడు."

"మేం తవ్వకపోతే ఇంకెవడో తవ్వుతాడు!"

అప్పుడు లేచింది పొట్టిపిన్ని. ఇసుక మోసే ఆడవాళ్ళలో అందరికన్నా పొట్టి, అందరికన్నా గట్టి గొంతు.

"మీ అందరికీ మోకాలి లోతంటే నాకు నడుం లోతు. ఆ గుంట దగ్గరికి ముందు నేనే వెళ్ళుంటే నా చెయ్యి కూడా పైకి కనబడేది కాదు." ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. "ఆ కర్రలు పాతింది నేను. ఇతను పీకేస్తుంటే చూసింది నేను. వాడు పీకమన్నాడు, వీడు పీకాడు, నాకెందుకులే అని తట్ట నెత్తినెత్తుకున్నాను. ఆ గుంటలో ఇసుక మనం ఎత్తలేదా? ఇతన్ని ఒక్కణ్ణీ తిట్టేసి హాయిగా ఇంటికెళ్ళి పడుకుందామంటే నా వల్ల కాదు."

కూలీల్లో ఒక్కొక్కరే తలలు దించుకున్నారు.

"ఇంకెవడో తవ్వుతాడంటున్నావే, ఆ ఇంకెవడి దగ్గరికీ మనమే వెళ్దాం. వాళ్ళింటి బావి ఎండలేదా అని అడుగుదాం," అంది పిన్ని. "ముందు ఆ గుంట పూడ్చాలి."

"ఏం పెట్టి పూడుస్తావే?"

"దాని ఇసుక పెట్టి. కాంట్రాక్టరు యార్డులో గుట్ట పోసుంది కదా."

తెల్లారేసరికి జనం యార్డు గేటు తోసుకుని లోపలికి వెళ్ళారు. కాపలావాడు అడ్డం రాలేదు. వాడి చెల్లెలు కూడా ఆ రేవులోనే బట్టలుతుకుతుంది. డ్రైవరు పొక్లెయిన్ ఎక్కాడు. ఏటిని తోడి తోడి గట్టిపడిన చేతులు మళ్ళీ లివర్లు పట్టుకున్నాయి. తొట్టెడు ఇసుక ఎత్తి, తీసుకెళ్ళి, గుంటలో దింపాడు. నీళ్ళు బురదగా పొంగాయి. వెనకే కూలీలు, ఉతికేవాళ్ళు, పడవవాళ్ళు వరసకట్టి తట్టలు చేతులు మార్చారు. మొన్నటిదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు, "జాగ్రత్త అన్నా", "ఇటు ఇవ్వమ్మా" అనుకుంటూ.

గుంట సగం నిండకముందే పోలీసు వ్యాను వచ్చింది. వెనక కాంట్రాక్టరు కారు.

"దిగు కిందికి!" ఇన్‌స్పెక్టరు డ్రైవరు మీద అరిచాడు. "ఇసుక దొంగతనం చేస్తున్నావని ఫిర్యాదు వచ్చింది."

"దొంగిలించి ఎక్కడ దాచాను సార్?"

"ఏట్లో!" కాంట్రాక్టరు నోరు జారాడు.

జనం ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుకి కాంట్రాక్టరు మొహం నల్లబడింది. డ్రైవరు మాత్రం నవ్వలేదు. యంత్రం దిగొచ్చి ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డాడు.

"మొన్న మీరడిగితే నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను. మా అక్క కాలు జారలేదు. ఈయన తవ్వమన్న గుంటలో పడింది. తవ్వింది నేను. రాసుకోండి. ఇద్దరి పేర్లూ రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు రాసుకోలేదు. అతన్ని వ్యానులోకి తోయించాడు. జనంలోంచి బావ ముందుకొచ్చి వ్యాను మెట్టు మీద కాలు పెట్టాడు.

"నువ్వెందుకయ్యా? నీ పెళ్ళామే కదా పోయింది!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇసుక నేనూ ఎత్తాను. తీసుకెళ్ళండి."

పొట్టిపిన్ని తట్ట కింద పడేసి, "నేనూ ఎత్తాను," అంటూ కదిలింది. ఆమె వెనక ఉతికేవాళ్ళు, వాళ్ళ వెనక కూలీలు. కానిస్టేబులు తలుపు వెయ్యలేక ఇన్‌స్పెక్టరు మొహం చూశాడు.

లోపల బావ పక్కన డ్రైవరు ముడుచుకుని కూర్చున్నాడు. "బావా, నన్ను క్షమి..."

"అడగకు. ఆ మాట అడగాల్సిన మనిషి లేదు." బావ అతని వైపు చూడలేదు. భుజంతో మాత్రం గట్టిగా తోశాడు. "లోపలికి జరుగు. ఇంకా ఎక్కేవాళ్ళున్నారు."