గోడకి కొత్త ల్యాప్‌టాప్

మా టెహ్రాన్‌లో మనిషి ఇరుక్కునేవి రెండే చోట్లు. కారున్నవాడు రోడ్డు మీద ఇరుక్కుంటాడు, అత్తారున్నవాడు భోజనాల దగ్గర ఇరుక్కుంటాడు. నాకు కారు లేదు.

ఆ శుక్రవారం మా అత్తగారింట్లో భోజనాలు. గిన్నె అడుగున కరకరలాడే అన్నం చెక్క ఆఖరిది మిగిలింది. దాన్ని నేను మా తోడల్లుడు కియూమర్స్ కంచంలోకి తోస్తున్నాను, ఆయన నా కంచంలోకి తోస్తున్నాడు. ఇద్దరికీ కావాలి కాబట్టి ఇద్దరం వద్దంటున్నాం. మొహమాటమంటే అంతే కదా, మొహం ఒకటి, మాట మరొకటి. ఆ తోపులాటలో నేను కొత్త ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్నానని నోరు జారాను. జారిన నోరు అక్కడితో ఆగిందా? "మీకు చూపించకుండా నేను ల్యాప్‌టాప్ కొంటానా అన్నయ్యగారూ" అని కూడా అనేసింది. దీనికి అర్థం, దయచేసి మీరు రాకండి అని. టెహ్రాన్‌లో పుట్టిన ఏ మనిషైనా దీనికి, నీకు తెలియనిదేముంది తమ్ముడూ అని జవాబివ్వాలి. మా తోడల్లుడు మూతి తుడుచుకుని, మంగళవారం ఖాళీయే, వస్తానన్నాడు. అన్నం చెక్క కూడా ఆయనే తిన్నాడు.

తోడల్లుడికీ తోడేలుకీ తేడా ఒక్కటే. తోడేలు పిలిస్తే రాదు.

ఇప్పుడు అసలు సంగతి. నేను మగపిల్లల హైస్కూల్లో భూగోళం చెబుతాను. యాభై దాటాయి, పొట్ట కూడా భూగోళమే. సాయంత్రాలు గదిలో తలుపేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నానని మా ఆవిడ మహరోఖ్ నమ్మకం. నేను దిద్దేది రాక్షసుల్ని. ఇంటర్నెట్‌లో అయిదుగురు జట్టుగా కోటల్లోకి దూరి రాక్షసుల్ని చంపే ఆట ఒకటుంది. ఆ జట్టులో నా పేరు గోడ. అందరికంటే ముందు నిలబడి దెబ్బలన్నీ నేను తినాలి, నా వెనక నిలబడి మిగతావాళ్లు బాణాలూ మంత్రాలూ వేసుకోవాలి. దెబ్బలు గోడకి, గోడు నాకు.

ఆ జట్టు నాయకురాలు మా పక్క గదిలో ఉంటుంది. మా అమ్మాయి తర్లాన్, పదిహేడేళ్లది. ఇంట్లో నాతో దాని మాటలు మూడే: "ఊఁ", "ఊహూఁ", "తలుపేసి వెళ్లు". ఆటలోకి వచ్చిందంటే మాత్రం, గోడా కుడిపక్క చూడు, గోడా నిద్రపోతున్నావా, మొహం మీద మంట పడుతుంటే కనపడట్లేదా గాడిదా అని గంటలకి గంటలు మాట్లాడుతుంది. అక్కడ దయచేసి లేదు, మన్నించండి లేదు, ముందు మీరు కానివ్వండి లేదు. బతుకంతా మర్యాదల్లో ఉడికి మెత్తబడ్డవాడికి, కూతురి చేత గాడిదా అనిపించుకోవడంలో ఎంత హాయి ఉందో అనుభవిస్తే గాని తెలీదు. అది పెట్టిన షరతు ఒక్కటే. గోడ అంటే తన నాన్నే అని ఈ ప్రపంచంలో ఎవరికీ తెలియకూడదు.

ఇప్పుడా గోడకి బీటలు వారాయి. ఈ లోకంలో నాకున్న ఒకే ఒక్క ఫ్యాను నా పాత ల్యాప్‌టాప్‌లోది, అది కూడా అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. మిషన్ వేడెక్కి బొమ్మ బిగుసుకుపోతుంది. నేను సోమవారం ఎత్తిన కత్తి మంగళవారం దిగుతుంది. ఆ మధ్యలో జట్టంతా చచ్చిపోతుంది. జట్టులో బాణాలేసే కరజ్ ఊరి కుర్రాడొకడున్నాడు, ఈ గోడ పడగొట్టి నా స్నేహితుణ్ని పెట్టుకుందాం అన్నాడు. తర్లాన్ నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గురువారం సాయంత్రం కొత్త సీజను మొదలవుతుంది, అది మరీ బరువైన ఆట, లాగగలిగిన మిషన్ ఉంటే నువ్వుంటావు, లేకపోతే వాడి స్నేహితుణ్ని తీసుకుంటాను, జట్టు కదా నాన్నా, నేనేం చెయ్యను అంది. నా కళ్లలోకి చూస్తూ అది అంత పొడుగు వాక్యం మాట్లాడి చాలా కాలమైంది. గురువారం దాటితే నాకు మిగిలేది "ఊహూఁ" ఒక్కటే.

మంగళవారం వచ్చింది, కియూమర్స్ కూడా వచ్చాడు.

మీర్దామాద్ కూడలి దగ్గర కంప్యూటర్ల బజారుంది. గ్రాఫిక్స్ కార్డు పేరు చెప్పి, నాలుగు కొట్లు తిరిగి, డబ్బు కట్టి బయటపడదామని నా ఆశ. ఆయన నన్ను నేరుగా తన స్నేహితుడి కొట్లోకి తీసుకెళ్లాడు. తెలిసినవాడి కొట్టంత బందిఖానా ఇంకోటి లేదు. బేరమాడితే తగువు, ఆడకపోతే మన జేబుకి తెగులు. ఊరికే చూసి వెళ్లిపోవడమన్నది అసలు లేదు. ఆ కొట్టాయన పేరు హుమాయూన్. సైన్యంలో ఇద్దరూ ఒకే డేరాలో పడుకున్నారట. ఆ బంధుత్వం మీద నన్ను కూడా కావలించుకుని, గోడవారగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లకడ్డంగా ఒక బల్ల లాగి, దాని మీద టీ పెట్టించాడు. టీ పీల్చడానికి చక్కెర గడ్డ పళ్ల మధ్య పెట్టుకున్నాక మా ఊళ్లో మనిషి ఇక లేవలేడు.

దేనికి కావాలండీ అని అడిగాడు. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. పక్కన కియూమర్స్ నోరు కనపడింది. ఆ నోటికి తలుపు లేదు, కనీసం తెర కూడా లేదు. అక్కడ చెబితే సాయంత్రానికి మా అత్తగారు నవ్వుతారు, మర్నాటికి మా స్కూలు నవ్వుతుంది, తర్లాన్ మాత్రం నవ్వదు. పటాల కోసం అన్నాను. భూగోళం పాఠాలకి పటాలు.

హుమాయూన్ చాలా సంతోషించి వెండి రంగు మిషన్ ఒకటి తెచ్చాడు. లవాష్ రొట్టెంత పలచన. కియూమర్స్ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, ఇదీ మాస్టారి చేతిలో ఉండాల్సిన వస్తువు అన్నాడు. నా చూపు మాత్రం వెనక అరలో ఇటుకల్లా లావుగా కూర్చున్న నల్లటి మిషన్ల మీద ఉంది.

"ఈ పటాలు కొంచెం కదులుతాయండీ," అన్నాను.

"కదలనివ్వండి, దానికేం," అన్నాడు హుమాయూన్.

"గబగబా కదలాలి. పొగ, మంట, అన్నీ స్పష్టంగా కనపడాలి."

"ఓహో, అగ్నిపర్వతాలా?"

"అగ్నిపర్వతాలే. ఒక్కోసారి అవి మన వెంట పడతాయి."

కియూమర్స్ టీ గ్లాసు కిందపెట్టాడు. "మా చిన్నప్పుడు అగ్నిపర్వతాలు కూర్చున్న చోటే ఉండేవి తమ్ముడూ."

ధైర్యం చేసి, గ్రాఫిక్స్ కార్డు కాస్త గట్టిది ఉంటే మంచిదేమో అన్నాను. నీకు పెన్షన్ కార్డు వచ్చే వయసులో గ్రాఫిక్స్ కార్డెందుకన్నాడు కియూమర్స్. ఇక ఇద్దరూ కలిసి ఆ వెండి రొట్టె గుణగణాలు పాడటం మొదలెట్టారు. బరువు లేదు, చప్పుడు లేదు, బ్యాటరీ పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఉంటుంది, స్టాఫ్ రూములో తీస్తే నలుగురూ చూస్తారు. అన్నీ నిజాలే, ఒక్కటీ నాకు పనికొచ్చేది కాదు. అన్నిటికీ తలూపాను. మొహమాటపు మెడ పైకీ కిందకీ ఊగుతుంది గాని అటూ ఇటూ ఊగడం దానికి చేతకాదు. మళ్లీ టీ వచ్చేసరికి వెండి మిషన్ పెట్టెలోకి, పెట్టె సంచిలోకి వెళ్లిపోయాయి.

ఎంతివ్వాలన్నాను. మీ కంటే ఎక్కువా, ఊరికే తీసుకెళ్లండి అన్నాడు హుమాయూన్. ఇది కూరగాయలవాడూ అంటాడు, టాక్సీవాడూ అంటాడు. బతిమాలగా బతిమాలగా ధర చెప్పాడు. నేను పర్సు కోసం జేబులో చెయ్యి పెట్టేలోపు కియూమర్స్ తన బ్యాంకు కార్డు తీసి టపీమని బల్ల మీద కొట్టి, మా తమ్ముడి దగ్గర డబ్బు తీసుకుంటే నీ మొహం చూడను హుమాయూన్ అన్నాడు.

ఇది కూడా అందరూ చేసేదే. పద్ధతి ప్రకారం నేనిప్పుడు లేచి ఆయన మణికట్టు పట్టుకోవాలి, పెనుగులాడాలి, పిల్లల మీద ఒట్లు వేయాలి. కాసేపటికి ఆయన ఓడిపోయి, చాలా బాధపడుతున్న మొహంతో కార్డు జేబులో పెట్టుకోవాలి. నా కాళ్లకి బల్ల అడ్డం. లేవబోయి కూలబడ్డాను. ఈలోగా హుమాయూన్ కార్డు గీకి రహస్య సంఖ్య చెప్పమన్నాడు. మా ఊళ్లో ఆ రహస్యాన్ని కొట్టంతటికీ వినపడేలా చెబుతాం.

"ఏడు," అన్నాడు కియూమర్స్, నా వైపు చూస్తూ.

నేనెంత లోతుగా ఇరుక్కున్నానో అప్పుడు తెలిసింది. ఆయన చెయ్యి పట్టుకుంటే ఈ రొట్టెకి డబ్బు నేను కట్టాలి, ఇంకో మిషన్ కొనే శక్తి నాకుండదు. పట్టుకోకపోతే ఇది ఆయనిచ్చిన బహుమతి. మార్చలేను, అమ్మలేను, ప్రతి శుక్రవారం దాని ఆరోగ్యం గురించి ఆయనకి చెప్పుకోవాలి. ఎటు తిరిగినా గురువారం సాయంత్రం ఆ కోట ముందు నిలబడేది కరజ్ వాడి స్నేహితుడే.

"మూడు." గొంతు తగ్గింది. ఆయన నుదురు చెమర్చింది. పట్టుకోవయ్యా, నా చెయ్యి పట్టుకోవయ్యా అని కళ్లతో అడుగుతున్నాడు. పాపం ఆయనా ఇరుక్కున్నాడు. డబ్బు కట్టాలని ఆయనకి లేదు, కొనాలని నాకు లేదు, ఇంత త్వరగా అమ్మాలని బహుశా హుమాయూన్‌కీ లేదు. ముగ్గురం పెద్దమనుషులం, ఒక్కరం కూడా మనుషుల్లా మాట్లాడలేకపోతున్నాం.

"తొ... మ్మి...," అంటూ కియూమర్స్ ఆ అంకెని సాగదీస్తున్నాడు.

"ఆగండి," అన్నాను. "నాకిది వద్దు. నేను ఆటలాడతాను."

కొట్లో అందరూ నా వైపు తిరిగారు. ఏం ఆటలు, చదరంగమా అని అడిగాడు కియూమర్స్.

"రాక్షసుల్ని చంపే ఆట. ఆన్‌లైన్లో. జట్టులో ముందు నిలబడి దెబ్బలు తినడం నా పని."

"అది నువ్వు ఇంట్లోనూ చేస్తున్నావుగా," అన్నాడాయన. అంటూనే కార్డు లాక్కుని జేబులో పెట్టుకుని, పైన బొత్తాం కూడా పెట్టుకున్నాడు. ఇన్నేళ్ల చుట్టరికంలో ఆయన నన్ను అంత ప్రేమగా చూడటం అదే మొదలు.

వింతేమిటంటే, హుమాయూన్ మనిషే మారిపోయాడు. తీపి మాటలు ఆగిపోయాయి. ఇంతసేపూ పటాలు పటాలని నా బుర్ర తిన్నారు కదండీ అని విసుక్కుని, ఏ ఆటో అడిగి, వెండి రొట్టెని అరలోకి విసిరి, నల్లటివి రెండు తెచ్చి ముందు పెట్టాడు. ఒకదానికి పెళ్లి ఇంటికున్నన్ని రంగు దీపాలు. ఇంకోటి అనాకారి, వీపు వెనక ఇంతింత గాలి రంధ్రాలు. దీపాలకి డబ్బు తగలెయ్యొద్దన్నాడు. కార్డు పేరు చూసి మోసపోవద్దన్నాడు. అదే కార్డు సన్నటి మిషన్‌లో కూడా పెట్టి అమ్ముతారు, అందులో దానికి ఊపిరాడదు, ఒళ్లు వేడెక్కగానే సగం శక్తికి పడిపోతుంది, ఈ లావుదాంట్లో దానికి ఒళ్లు విరుచుకునే చోటుంది అన్నాడు. ఆ కార్డు మీద నాకు జాలేసింది. సన్నటి పెట్టెలో కుక్కిన గట్టి కార్డుని నేను రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నాను.

అనాకారిని కొన్నాను. బేరం కూడా ఆడాను. మోస్తుంటే భుజం జారిపోయింది.

దారిలో కియూమర్స్ నా భుజం తట్టి, నా నోరు సమాధి తమ్ముడూ అన్నాడు. ఆ సమాధికి కిటికీలున్నట్టున్నాయి. నేను ఇల్లు చేరేసరికి మహరోఖ్ తలుపు తీసి, "రండి మాస్టారూ, ఇవాళ ఎన్ని పేపర్లు చంపారు?" అంది. కియూమర్స్ కొడుకు కూడా ఆ ఆటే ఆడతాడు, తర్లాన్ జట్టులో గోడ ఎవరో వాడికి తెలిసిందంటే ఆటలో అందరికీ తెలిసిందన్నమాటే. తర్లాన్ గది తలుపు మూసి ఉంది. బయట నిలబడి, నన్ను తీసేశావా అని అడిగాను.

"తీసేద్దామంటే వాళ్లు వద్దంటున్నారు," అంది లోపల్నుంచి. "పెద్దాయన, మాస్టారు, ఎలా కాదంటాం అంటున్నారు. మర్యాదకి ఉంచుతున్నారు నిన్ను. నాకు ఒళ్లు మండుతోంది."

నాకూ మండింది. లోకంలో మర్యాద లేని ఒకే ఒక్క చోటు, దాంట్లోకి కూడా మా తోడల్లుడి నోట్లోంచి మర్యాదకి దారి పడింది.

గురువారం సాయంత్రం అందరం కోట ద్వారం ముందు చేరాం. కొత్త మిషన్ మీద ప్రతి ఇటుకా కనపడుతోంది, రాక్షసుడి ముక్కులో వెంట్రుక కూడా కనపడుతోంది. ఒక్క బొమ్మా బిగుసుకోలేదు. బిగుసుకున్నది మనుషులు. మాస్టారూ సలాం అన్నాడు కరజ్ కుర్రాడు, నిన్నటిదాకా నన్ను పడగొడదామన్నవాడు. మందుల సీసాలన్నీ మీ దగ్గరే ఉంచుకోండి మాస్టారూ అన్నాడు ఇంకొకడు. అయ్యో, మీరు చిన్నవాళ్లు, మీకే ముందు అన్నాను నేను. ఎంతైనా టెహ్రాన్ నోరు, దానంతటది అనేసింది. ద్వారం తెరుచుకుంది. దయచేయండి అన్నాడు కరజ్ వాడు. మీరు దయచేయండి అన్నాను. మీ ముందు మేమెలా నడుస్తామండీ అన్నాడు మూడోవాడు. అలా ద్వారం ముందు ఒకరికొకరం దణ్ణాలు పెట్టుకుంటుండగా వెనకనుంచి రెండు తలల పాము వచ్చి ఆ మూడోవాణ్ని మింగింది. పోతూ పోతూ కూడా వాడు, మీరేం అనుకోకండి మాస్టారూ అన్నాడు.

"నాన్నా," అని అరిచింది తర్లాన్. ఆటలో అది నన్ను ఆ మాటతో పిలవడం అందరూ విన్నారు. "ఆ ద్వారంలోకి పోతావా పోవా? నువ్వు గోడవి, గుమ్మానికి అడ్డం నిలబడే గాడిదవి కాదు. పో లోపలికి."

ఎవరికీ దారివ్వకుండా, ఎవర్నీ అడక్కుండా లోపలికి దూకాను. నా వెనక ద్వారం ధన్‌మని మూసుకుంది. ఎదర అయిదు అంతస్తుల రాక్షసుడు. బయటికి దారి లేదు. కొత్త ఫ్యాను ఈదురుగాలిలా లేచింది, దెబ్బలు మొదలయ్యాయి. కుడికి జరుగు, డాలు ఎత్తు, నీకు కళ్లున్నది ఎందుకు అంటూ మా అమ్మాయి తిట్లు ఒకసారి చెవిలో మైకు నుంచీ, అంతకు రవ్వంత ముందు పక్క గదిలోంచీ, రెండేసి సార్లు వినపడుతున్నాయి. రెండు సార్లూ విన్నాను.