యాభై నోటు మీది పార్లమెంటు

మండపాలకి సెట్టింగులు వేసే నా మొగుడు ప్రేమ్‌రాజ్ నిచ్చెన మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న వారంలోనే హుస్సేనీ ఆలం గల్లీవాళ్ళ ఆర్డరు వచ్చింది. వినాయక చవితి మండపానికి పార్లమెంటు సెట్టింగ్ కావాలట. నేను చేస్తానన్నాను. పదేళ్ళుగా థర్మాకోల్ కోసేదీ, రంగులేసేదీ నేనే. మండపం ముందు కట్టే ఫ్లెక్సీ మీద పేరు మాత్రం ఆయనది.

కమిటీ పెద్ద రవీందర్ మూతి ముడిచాడు. "ఆడోళ్ళతోని అయితదా అక్కా? ఖరాబైతే మాత్రం మళ్ల మా గల్లీల అడుగు పెట్టొద్దు."

"ఫికర్ చెయ్యకు, మస్తు చేస్త" అన్నాను. ఒళ్ళు మండిపోయింది.

పార్లమెంటంటే నాకు తెలీదా? దేవుడి పటం వెనక దాచుకున్న పాత యాభై నోటు మీద ఉందిగా, గుండ్రంగా, చుట్టూ స్తంభాలతో! బట్టల దుకాణాల చుట్టూ తిరిగి, తాన్లు చుట్టే అట్ట గొట్టాలు అడుక్కొచ్చి, రంగేసి స్తంభాలుగా నిలబెట్టాను. నడుమ గద్దె, దాని చుట్టూ వరండా.

చవితి ముందురోజు పొద్దున విగ్రహాన్ని గద్దె మీద పెట్టించిన రవీందర్, వెనక్కి జరిగి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"గిదేంది అక్కా! గిది పాతది. కొత్త పార్లమెంటుకు మూడు మూలలుంటయి. టీవీ చూడవా?"

ఫోన్లో ఫొటో చూపించాడు. నిజమే, మూడు మూలలే. కుర్రాళ్ళంతా నవ్వారు. ఏడుపు తన్నుకొచ్చింది. వాళ్ళ ముందు ఏడిస్తే ఇక నేను స్వరూపనే కాదు!

అంతలో రవీందర్ తల్లి పుష్పమ్మ చెప్పులు విడిచి స్తంభాల మధ్యకి వెళ్ళింది. చేతులు జోడించుకుని వరండాలో విగ్రహం చుట్టూ తిరిగింది. ఒకటి, రెండు, మూడు ప్రదక్షిణలు.

"ఇన్నేండ్లల్ల మన గణపయ్య చుట్టు తిరిగే జాగ ఉండెనారా?" అని కొడుకు మీద లేచింది. "ఎన్నడు చూసినా గోడకు ఆనిచ్చి పెడ్తిరి. ఒక్క కంబం కదిలిచ్చిన్రంటే ఊకోను!"

అప్పటికే ఇద్దరు ఆడవాళ్ళు ఆమె వెనక తిరుగుతున్నారు. రవీందర్ తల గోక్కున్నాడు. "ఢిల్లీల గూడ పాతది కొత్తదాని పక్కకే ఉంది లే. ముందట మూడు మూలల గేటు ఒకటి పెట్టు అక్కా, సరిపోతది."

సాయంత్రానికల్లా గేటు లేచింది. ప్రేమ్‌రాజ్ కట్టు చేత్తోనే చూడ్డానికి వచ్చాడు.

"ఫ్లెక్సీ మీద అన్న పేరే గదా?" అడిగాడు రవీందర్.

"కాదు" అన్నాను. "స్వరూప అని రాయి."

ప్రేమ్‌రాజ్ నా వైపు చూశాడు. తర్వాత రవీందర్‌తో అన్నాడు: "పెద్దక్షరాలల్ల రాయి భాయ్. ఫోన్ నంబర్ గూడ ఆమెదే."