తూముకు బిరడా

పెద్దకత్తికి కోపం వస్తే ఎదురుగా ఉన్నది మనిషా, మాంసం కొట్టే మొద్దా అని చూసే అలవాటు లేదు. పేరు పెట్టింది వీధివాళ్లు. చేతిలో కత్తి లేకుండా ఆయన్ను ఎవరైనా చూశారంటే అది ఆయన పెళ్లిరోజునే. తమ్ముణ్ణి చిన్నకత్తి అనేవారు గానీ అది ఉత్త పేరే. వాడు ఈగను తోలడానికి కూడా మొహమాటపడే రకం. తండ్రి వదిలి వెళ్లిన షెడ్డులో గొర్రెల్ని కోసి, మాంసం కొట్టి అమ్ముకుంటూ ఇద్దరూ బతుకుతున్నారు.

ఇప్పుడు ఆ షెడ్డు పీక మీదికే కత్తి వచ్చింది. పర్యావరణ శాఖ నుంచి వచ్చిన ఆఫీసరమ్మ కొత్త నిబంధనలు చదివి వినిపించింది. రక్తం గానీ, నేల కడిగిన నీళ్లు గానీ వీధి కాలువలోకి చుక్క కూడా పోకూడదు. అంతా పెరట్లో కట్టిన కొత్త తొట్టిలోకే పోవాలి. పర్మిట్ కావాలంటే షెడ్డు మధ్యలో ఉన్న పాత తూమును సిమెంటుతో మూసెయ్యాలి.

"అది మా నాన్న చేత్తో పెట్టిన తూమమ్మా. మూస్తే మాకు అచ్చిరాదు. బిరడా బిగించుకుంటాం," అని పెద్దకత్తి మొండికేశాడు.

"బిగించుకోండి. తనిఖీకి వచ్చినప్పుడు కాలువలోకి రక్తం పోతూ కనిపిస్తే మాత్రం షెడ్డుకు సీలు వేస్తాను," అంది ఆవిడ.

పెద్దకత్తి ఇనప పిడి ఉన్న రబ్బరు బిరడా తెచ్చి తానే బిగించాడు. ఏం లాభం? వారం తిరక్కుండానే కాలువ ఎర్రబడింది. కాలువ గట్టునున్న సైకిల్ షాపువాడు ఊచ పట్టుకుని షెడ్డులోకి చొరబడ్డాడు.

"కుక్కలూ ఈగలూ తప్ప నా షాపుకు గిరాకీ రావట్లేదయ్యా," అంటూ తక్కెడను ఒక్క దెబ్బకు వంకర చేసేశాడు.

పెద్దకత్తి వాడి జుట్టు పట్టుకుని మొహాన్ని మొద్దుకేసి కొట్టాడు. పన్ను ఊడి కింద పడింది. రెండోసారి కొట్టబోతుంటే తమ్ముడు అడ్డం దూరాడు, ఆ దెబ్బ వాడి చెవి మీద పడింది.

ఆ రోజు నుంచీ పెద్దకత్తికి కంటి మీద కునుకు లేదు. షెడ్డులో ఉండేది తామిద్దరే. బిరడా తాను తియ్యలేదు. మరి తీస్తున్నదెవడు? తమ్ముడు మొన్నీమధ్యే నసిగాడు, "ఈ తలనొప్పి పడలేకపోతే అమ్మేద్దామన్నా, అడిగేవాళ్లున్నారు," అని. అదీ సంగతి. పర్మిట్ పోతే అమ్మక తప్పదు కదా. తోడబుట్టినవాడే గోతులు తవ్వుతున్నాడని పెద్దకత్తి తీర్మానించుకున్నాడు.

ఒక సాయంత్రం ఆఖరి పొట్టేలును కోశాక తోళ్లు ఆరవెయ్యడానికి పెరట్లోకి వెళ్లి, మరిచిపోయిన సానరాయి కోసం వెనక్కి వచ్చాడు. తమ్ముడు తూము దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి బిరడా పిడి మీద ఉంది. వేళ్లు ఎర్రగా తడిసి ఉన్నాయి.

పెద్దకత్తి మొద్దు మీది కత్తి తీసి ఆ చేతి మీద వేశాడు. రెండు వేళ్లు తెగి తూము పక్కన పడ్డాయి.

"పెడుతున్నానన్నా... తియ్యట్లేదు... పెడుతున్నా," అన్నాడు తమ్ముడు, చెయ్యి కడుపులో దాచుకుంటూ.

"నోర్ముయ్యి. తిన్నింటికే ఎసరు పెడతావురా?" అంటూ డొక్కలో తన్నాడు. పక్కటెముక విరిగిన చప్పుడు వినపడ్డా కాలు ఆగలేదు. అరుపులు విని పరిగెత్తుకొచ్చిన సైకిల్ షాపువాడే, పన్ను ఊడిన ఆ మనిషే, చిన్నకత్తిని భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసుకెళ్లాడు. అక్కడ పోలీసులు అడిగితే కత్తి జారిందని చెప్పాడట చిన్నకత్తి. ఆ కబురు తెలిసినా పెద్దకత్తి మనసు కరగలేదు. తప్పు చేసినవాడు కాబట్టే నోరు మూసుకున్నాడనుకున్నాడు.

ఆఫీసరమ్మ తనిఖీకి వచ్చిన రోజు ఆయన గుండెల మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు. ఇంటిదొంగ ఇంట్లో లేడు, ఇంకేం భయం?

"దగ్గరుండి చూడండమ్మా," అని ఆవిడ కళ్లముందే బిరడా బిగించాడు. పొట్టేలును పడుకోబెట్టి మెడ కోశాడు. అది తన్నుకుంది, రక్తం ఎగిరి ఆవిడ చెప్పుల మీద పడింది. మిగిలినది పెరట్లోకి తీసిన కొత్త గాడి వెంబడి బుద్ధిగా తొట్టిలోకి పోసాగింది. కత్తి పళ్ల మధ్య కరిచిపట్టుకుని, రెండు చేతులా పొట్టేలును ఎత్తి కొక్కేనికి తగిలించాడు.

"బిరడా ఎందుకు తీశారు?" అంది ఆవిడ.

తిరిగి చూశాడు. తూము నోరు తెరిచి ఉంది. నేల మీది రక్తం సుడి తిరుగుతూ అందులోకి దిగిపోతోంది.

"ఎవడ్రా అది?" పెద్దకత్తి కత్తి చేతిలోకి తీసుకుని షెడ్డంతా కలియజూశాడు. తలుపు వెనక చూశాడు. మొద్దు వెనక చూశాడు. మూడో మనిషి లేడు.

"మీరేనండీ. ఇప్పుడే మడమతో తన్నారు. నేను చూస్తూనే ఉన్నాను కదా."

కాలి వంక చూసుకున్నాడు. పిడి తగిలిన చోట మడమ మీద ఎర్రటి గీత ఉంది. చిన్నప్పుడు ఇదే షెడ్డులో తండ్రి చెప్పిన మాట చెవిలో మోగింది. "వంగకురా, చేతులు ఖాళీగా ఉండవు. ఎత్తగానే తూము మూతను మడమతో ఒక్క తాపు తన్ను, నేల శుభ్రమైపోతుంది." అప్పటి నుంచీ తంతూనే ఉన్నాడు. బిరడా పెట్టినప్పటి నుంచీ వెనకాలే వచ్చి తమ్ముడు మూస్తూనే ఉన్నాడు.

ఆవిడ సీలు వేస్తుంటే పెద్దకత్తి అడ్డం పడలేదు. రక్తం బట్టలతోనే ఆసుపత్రికి వెళ్లాడు. చిన్నకత్తి చేతికి కట్టు కట్టి ఉంది. అన్నను చూడగానే మంచం మీద గోడవైపు జరిగాడు, కొడతాడేమోనని. ఆ జరగడం చూసి పెద్దకత్తికి దుఃఖం పొంగుకొచ్చింది.

"ముందే ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు.

"నీ కాలే తీస్తోందని చెబితే నమ్మేవాడివా? కొట్టేవాడివి."

పెద్దకత్తి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. తమ్ముడు మెల్లగా అడిగాడు.

"ఇవాళ తనిఖీ కదా. వెనకాల నేను లేను. బిరడా చూసుకున్నావా అన్నా?"