శనివారం సాగే వీధి

శనివారం సాయంత్రం అయిదయ్యేసరికి పోస్టు తాత ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెప్పులు తుడుచుకుని, కోర్టు వెనకున్న కౌన్సెలింగ్ గది ముందు హాజరు. రిటైరైన పోస్ట్‌మన్ కదా, ఇంట్లో కాలు నిలవదు. దారి తప్పబోయే పిల్లల్ని వారానికోసారి కనిపెట్టుకుని ఉండే పనికి తనంతట తనే పేరిచ్చాడు. ఆయన పద్ధతల్లా ఒకటే. గది దగ్గర కలవడం, కబుర్లు చెప్పుకుంటూ వీధి చివరిదాకా నడవడం.

ఆ వీధి మహా అయితే మూడొందల అడుగులు. కానీ తాత పక్కన నడిచేవాళ్ళ కడుపులో చెప్పని మాటేదైనా ఉందా, వీధి సాగుతుంది. రెండు కొట్ల మధ్య నాలుగు కొట్లు పట్టే జాగా పుట్టుకొస్తుంది. వీధివాళ్ళకిది మామూలే. శనివారం అయిదింటికి ఎవరూ బయటి పని పెట్టుకోరు, అంతే.

ఈసారి తాత చేతికొచ్చిన పిల్లకి పదహారేళ్ళు. అందరూ పిడుగంటారు. రెండుసార్లు దుకాణాల్లో దూరి దొరికింది. మూడోసారి దొరికితే తిన్నగా పిల్లల జైలుకేనని జడ్జిగారు తేల్చేశారు. బుద్ధిగా ఉంటే సోమవారం నుంచి బస్సు డిపోలో మెకానిక్ పని శిక్షణ. ఆ సీటు కోసం తాత ఎన్ని మెట్లెక్కి దిగాడో ఆయన మోకాళ్ళకే తెలుసు.

"త్వరగా పద తాతా. అయిదున్నరకి నాకు పనుంది" అంది పిడుగు. కాలు ఒకచోట నిలవడం లేదు దానికి.

"అలాగేనమ్మా" అన్నాడు తాత. ఏం పనని అడగలేదు.

జెరాక్స్ కొట్టు దాటారు. టైలరు కొట్టు దాటారు. తర్వాత రావాల్సిన గడియారాల కొట్టు రాలేదు. గోడొచ్చింది, ఇంకో గోడొచ్చింది, ఎవరూ ఎన్నడూ చూడని నీలం తలుపొచ్చింది. పిడుగు మెడ చాచి ముందుకి చూసింది. వీధి మలుపులో దాని పెదనాన్న కొడుకు బండి మీద కాచుకుని ఉన్నాడు. వారపు సెలవని మూసిన ఫోన్ల కొట్టు వెంటిలేటర్లో పట్టేంత సన్నటి మనిషి అతనికి కావాలి. అమ్మ ఆసుపత్రిలో ఉన్న రెండు నెలలూ అన్నం పెట్టిన అన్న. కాదని ఏ మొహంతో చెప్పడం?

తాత మాత్రం చేతికంటిన గ్రీజు ఎలా వదిలించుకోవాలో తీరుబడిగా చెప్పుకుపోతున్నాడు. వెనక నుంచి టైలరు కేకేశాడు. "ఇవాళ మరీ సాగదీస్తున్నావు తాతా. మా ఆవిడ టీ గ్లాసు పట్టుకుని పావుగంట నుంచీ వస్తూనే ఉంది."

"నాదేముందయ్యా, నడుస్తున్నా" అన్నాడు తాత.

పిడుగు ఆగిపోయింది. "ఏం పనని అడగవేం తాతా?"

తాత తడబడ్డాడు. "నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచానమ్మా. ఒకరి కవరు చింపి చూసిన పాపాన పోలేదు. నువ్వు చెప్పనిది నేనెలా అడిగేది?"

"నా కవరు మీద నీ అడ్రసే రాసుంది తాతా. నాలుగు వారాల నుంచీ." పిల్ల తాత మొహంలోకి చూసింది.

తాతకి తల కొట్టేసినట్టయింది. పిల్లల మొండితనం వల్లే వీధి సాగుతోందనుకున్నాడు ఇన్నాళ్ళూ. సగం తన మర్యాద వల్లేనని ఇప్పుడు తెలిసింది.

"చెప్పమ్మా. ఏం పని?"

అంతా చెప్పేసింది. వెంటిలేటరు, బండి, అన్న.

"వెళ్ళాలనుందా?"

"లేదు. డిపోకి వెళ్ళాలనుంది. అన్నకి కాదని చెప్పాలంటేనే భయం."

ఆ మాట అంటుండగానే గడియారాల కొట్టు వచ్చేసింది. దాని పక్కనే మలుపు, మలుపులో బండి, బండి మీద అన్న. కొట్లోని గడియారాలన్నీ అయిదూ ఇరవై తొమ్మిది చూపిస్తున్నాయి.

"నేను రానా?" అన్నాడు తాత.

"వద్దు. నువ్విక్కడే ఉండు."

ఒక్కతే వెళ్ళింది. తాత గడియారాల కొట్టు ముందే నిలబడి చూస్తున్నాడు.

"అన్నా, నేను రాను."

"వేషాలేస్తున్నావా? ఎక్కు."

"ఎక్కను. సోమవారం నాకు డ్యూటీ ఉంది." ఉన్నచోటి నుంచి మనిషి కదల్లేదు.

"పో అయితే. నా తంటాలు నే పడతా" అంటూ అన్న చప్పుడు కాకుండా బండి తోసుకుంటూ బయల్దేరాడు. ఫోన్ల కొట్టు అక్కడికి ఇరవై అడుగులు. పిడుగు వెనక్కి రాలేదు. అన్న పక్కనే నడిచింది.

"నీ సంగతేంటన్నా? నీకెందుకిదంతా?"

"నీకనవసరం."

ఇరవై అడుగుల్లో ఉన్న కొట్టు నలభైకి జరిగింది. ఆ తర్వాత వందకి. తాత గబుక్కున తన కాళ్ళ వంక చూసుకున్నాడు. తను నడవడం లేదు, ఈసారి వీధిని సాగదీస్తున్నది పిల్ల. ఒళ్ళంతా పులకరించి, పక్కనున్న గోడ పట్టుకున్నాడు సంతోషం ఆపుకోలేక.

"మళ్ళీ మొదలా" అంటూ టైలరు స్టూలు బయట వేసుకుని కూర్చున్నాడు.

పిడుగు అడుగుతూనే ఉంది. అన్న తోస్తూనే ఉన్నాడు. ఫోన్ల కొట్టు చుక్కంతై, కనబడకుండా పోయింది. అప్పుడు అన్న ఆగి, బండికి స్టాండు వేసి, చెల్లెలి మొహంలోకి చూశాడు.

"నీకెందుకిదంతా అని నన్నింతవరకూ ఎవరూ అడగలేదే" అన్నాడు.