ఎడమచేతి కుట్టు

ఆ రోజు కూడా రొట్టెలు కాల్చి, గిన్నెలు తోమి, మొగుడు మొయిజ్ చొక్కా ఇస్త్రీ చేశాకే బషీరా ఇల్లు కదిలింది. ఇబ్రహీంపట్నం ఫంక్షన్ హాల్లో పాత బొంతల ప్రదర్శన. కోహెడ నుంచి నాదర్‌గుల్ దాకా ఇల్లిల్లూ తిరిగి బొంతలు సేకరించిన రమాకాంత్ సారు, వీళ్లింటి బొంతను గుమ్మానికి ఎదురుగానే వేలాడదీశాడు. పెళ్లయిన కొత్తలో పాత చీరలు పొరలుగా పరిచి, మూడు చలికాలాలు కూర్చుని ఆమె కుట్టిన బొంత. పక్కన కార్డు మీద తన పేరుంటుందని లోలోపల ఆశపడింది, పిచ్చిది.

కార్డు మీద ఉమ్మే కుల్సుమ్ అని ఉంది. ఆమె అత్త పేరు. పోయి ఆరేళ్లయింది.

రాయించింది మొయిజే. కుట్టు మామూలుకు ఎదురుదిక్కుగా వాలిందని, ఇది ఎడమచేతి పనని రమాకాంత్ వచ్చినవాళ్లకు మురిసిపోతూ చూపిస్తున్నాడు. మీ అమ్మది ఎడమచేతి వాటమా అని అడిగితే, అవ్ సార్ అన్నాడు మొయిజ్, రెప్ప కూడా వెయ్యకుండా.

బషీరాకు ఒళ్లు మండిపోయింది. ఎడమ చేత్తో సూది పట్టిందని అట్లకాడతో మణికట్టు మీద కొట్టింది ఆ అత్తే కదా! "గా పాడు చేత్తోని మా ఇంటి బట్ట ముడ్తవా?" అనేది. వాచిన చేతిని దవాఖానలో చూపించినవాళ్లు లేరు. అది ఇప్పటికీ సరిగ్గా వంగదు. అత్త కునుకు తీసినప్పుడే బషీరా ఆ చేత్తో కుట్టుకునేది. "అమ్మ లేస్తది, చెయ్యి మార్చు" అని మొయిజ్ నవ్వేవాడు. అంటే అతనికి అంతా తెలుసు.

పక్కకు పిలిచి అడిగితే విసుక్కున్నాడు. "సచ్చిపోయిన మనిషికి జర పేరొస్తే నీకేం పోతది?"

ఆమె నేరుగా రమాకాంత్ దగ్గరికి వెళ్లి, కుట్టు మీద ఎడమ చెయ్యి ఆనించింది. "సార్, గిది నేను కుట్టిన."

రమాకాంత్ ఆ వంకర మణికట్టు చూశాడు, కుట్టు చూశాడు. అతనికి అర్థమైంది. అయినా మొయిజ్ వైపు తిరిగి, కార్డులు అచ్చయిపోయాయని, ఇంటి సంగతి ఇంట్లో తేల్చుకోమని నసిగాడు.

బషీరా స్టూలు లాక్కుని ఎక్కింది. ఇంటికి పోయాక ఏమవుతుందో ఆమెకు తెలుసు. అయినా బొంతను వేలాడదీసిన ముడులు విప్పింది.

"కార్డు మా అత్తది, ఉంచుకోండ్రి. బొంత నాది."

బొంతను మడిచి ఎడమ భుజాన వేసుకుని నడిచింది. వెనక ఖాళీ గోడ మీద ఉమ్మే కుల్సుమ్ పేరొక్కటే మిగిలింది.